కార్యాలయ భవనంలో విద్యుత్తు, నీటి వృథాను తగ్గించడం: ఏది ముందు, ఏది తర్వాత

కార్యాలయ భవనాన్ని పర్యావరణహితంగా మార్చాలని యాజమాన్యం నిర్ణయించగానే చర్చ సాధారణంగా పైకప్పు మీది సౌర ఫలకాల వైపో, గోడకు తగిలించుకునే ధ్రువపత్రం వైపో మళ్లుతుంది. రెండింటికీ తగిన సమయం ఉంది కానీ, అంతకంటే ముందు, లోపల ఎవరూ లేని వేళ భవనం ఎంత విద్యుత్తు వాడుతోందో తెలుసుకోవాలి. అది తెలిస్తే దేనికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టనక్కర్లేదో చాలావరకు తేలిపోతుంది.

మొదట గత 24 లేదా 36 నెలల బిల్లులు తీసి, ఏడాదికి వాడిన యూనిట్లను భవన విస్తీర్ణంతో భాగించాలి. చదరపు మీటరుకు ఏడాదికి ఇన్ని యూనిట్లు అని వచ్చే ఈ అంకెతోనే ఇకముందు ప్రతి మార్పునూ పోల్చుకోవాలి. తర్వాత విద్యుత్ సంస్థ నుంచి గానీ మీటరు నుంచి గానీ 15 నిమిషాలకోసారి నమోదైన లోడు (ఆ వేళ భవనం లాగుతున్న విద్యుత్తు) వివరాలు సంపాదించి, పనిదినం మధ్యాహ్నపు లోడు పక్కన తెల్లవారుజామున 2 గంటల లోడును ఉంచి చూడాలి. సర్వర్లు, భద్రతా దీపాలు, అగ్నిమాపక వ్యవస్థ వంటివి రాత్రంతా పనిచేయక తప్పదు. వాటికి లెక్క కట్టి తీసేశాక మిగిలినదంతా ప్రశ్నించదగినదే.

ఆ మిగులు ఎక్కడిదో కాగితం మీద తేలదు. అర్ధరాత్రి దాటాక భద్రతా సిబ్బందిలో ఒకరిని వెంటబెట్టుకుని ప్రతి అంతస్తూ తిరిగి, పైకప్పు జాలీల్లోంచి గాలి వస్తోందా, మరుగుదొడ్లలో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిరుగుతున్నాయా, ప్యాంట్రీలో గీజరు వేడిగా ఉందా, సమావేశ గదుల్లో తెరలు వెలుగుతున్నాయా అని చూసి, అంతస్తుల వారీగా రాసుకోవాలి. ఎప్పుడో ఒక ఆదివారం సమావేశం కోసం బీఎంఎస్‌లో (భవనంలోని యంత్రాలను ఒకేచోటి నుంచి నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ఒక ఏహెచ్‌యూను (గాలిని చల్లబరచి గదులకు పంపే యంత్రం) ‘ఆటో’ నుంచి ‘మాన్యువల్’కు మార్చి, మళ్లీ ఆటోలో పెట్టడం మరచిపోవడం ఇలాంటి తనిఖీల్లో తరచుగా బయటపడే సంగతి. దాన్ని సరిచేయడానికి రూపాయి ఖర్చు లేదు.

పెద్ద భవనాల్లో విద్యుత్తును ఎక్కువగా తినేది శీతలీకరణ, గాలి సరఫరా కాబట్టి తర్వాతి శ్రద్ధంతా అక్కడే పెట్టాలి. ఏసీ మొదలయ్యే వేళను ఉద్యోగులు వచ్చే వేళకు దగ్గరగా జరపడం, సాయంత్రం చివరి అరగంట చిల్లర్‌ను (ఏసీకి కావలసిన నీటిని చల్లబరిచే యంత్రం) ఆపి పైపుల్లో మిగిలిన చల్లటి నీటితోనే నెట్టుకురావడం, తేలికపాటి వాతావరణంలో చల్లటి నీటి సెట్‌పాయింట్‌ను (యంత్రంలో నిర్ణయించి పెట్టే ఉష్ణోగ్రత) ఒకటి రెండు డిగ్రీలు పెంచడం ఆపరేటరు చేతిలో ఉన్న పనులే. ఆ నీటి ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే చిల్లర్ విద్యుత్తు సుమారు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది. గదుల్లో తేమ అదుపు తప్పకుండా చూసుకుంటే చాలు. థర్మోస్టాట్లు ఎక్కడున్నాయో కూడా చూడాలి. ఫొటోకాపీ యంత్రం పైన బిగించిన థర్మోస్టాట్ ఆ యంత్రపు వేడినే గది వేడిగా లెక్కగట్టి, పక్కన కూర్చున్నవారిని రోజంతా వణికిస్తుంది. వారు కాళ్ల దగ్గర చిన్న హీటరు పెట్టుకుంటే, చల్లబరచడానికీ వేడెక్కించడానికీ ఒకే చోట రెండుసార్లు డబ్బు కట్టినట్టవుతుంది.

డబ్బు పెట్టవలసి వస్తే ముందు వరుసలో ఉండవలసినవి ఫ్యాన్లకు, పంపులకు అమర్చే వీఎఫ్‌డీలు, అంటే మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే పరికరాలు. ఫ్యాను లాగే విద్యుత్తు దాని వేగపు ఘనంతో మారుతుంది కాబట్టి, వేగాన్ని 20 శాతం తగ్గిస్తే ఖర్చు ఇంచుమించు సగానికి పడిపోతుంది. అయితే వీఎఫ్‌డీ బిగించి, దాన్ని ఎప్పుడూ పూర్తి వేగంలోనే నడిపే భవనాలకు కొదవ లేదు. అందువల్ల బిగించిన నెల తర్వాత దాని తెరపై హెర్ట్జ్ (మోటారు వేగాన్ని సూచించే అంకె) ఎంతుందో వెళ్లి చూడాలి.

చిల్లర్ మార్పు ఈ వరుసలో చాలా వెనక రావాలి. భవనంలోకి వచ్చే వేడినీ, లోపల పుట్టే వేడినీ ముందు తగ్గిస్తే అవసరమయ్యే చిల్లర్ పరిమాణమే తగ్గుతుంది. న్యూయార్క్‌లో 1931లో ప్రారంభమైన ఎంపైర్ స్టేట్ భవనాన్ని ఆధునికీకరించినప్పుడు ఈ క్రమాన్నే పాటించారు: 6,514 కిటికీల అద్దాలను భవనంలోనే ఏర్పాటు చేసిన వర్క్‌షాపులో విడదీసి, మధ్యలో ఉష్ణాన్ని ఆపే పొర చేర్చి తిరిగి బిగించడం, దీపాలను మార్చడం వంటి పనుల వల్ల శీతలీకరణ భారం తగ్గి, చిల్లర్లను పూర్తిగా మార్చే బదులు ఉన్నవాటినే బాగుచేసుకోగలిగారు. క్రమం తలకిందులైతే, అవసరానికి మించిన చిల్లర్‌ను కొని పాతికేళ్లు భరించాలి.

దీపాల సంగతి తేలిక. ట్యూబులైట్లు ఇంకా ఉంటే ఎల్‌ఈడీలకు మారాలి. సెన్సర్లను అన్నిచోట్లా కాక మెట్లు, పార్కింగు, మరుగుదొడ్లు, సమావేశ గదుల్లో పెడితే సరిపోతుంది.

బిల్లులో కనిపించని నష్టం ఒకటుంది, అది శీతలకారి వాయువు కారిపోవడం. ఏసీల్లో వాడే ఆర్-410ఎ అనే వాయువు కిలో గాలిలో కలిస్తే దాని ప్రభావం సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. సర్వీసు సిబ్బంది ఏ యంత్రంలో ఎన్ని కిలోలు నింపారో పుస్తకంలో రాయిస్తే, ఏటా గ్యాసు నింపవలసి వస్తున్న యంత్రం ఏదో తెలుస్తుంది. నింపడం ఆపి, చిల్లు వెతకాలి.

నీటి విషయంలో చేతులు కడుక్కునే కుళాయిలకు ఏరేటర్లు (నీటిలో గాలి కలిపి ధారను తగ్గించే మూతలు) బిగించడంతోనే చాలామంది ఆగిపోతారు. అది మంచిదే, కానీ కూలింగ్ టవర్ (చిల్లర్ నుంచి వచ్చే వేడిని, నీటిని ఆవిరి చేసి బయటికి పంపే నిర్మాణం) ఉన్న భవనంలో పెద్ద వాటా అక్కడ ఖర్చవుతుంది. నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో లవణాలు చిక్కబడతాయి కనుక కొంత నీటిని వదిలేసి కొత్త నీరు నింపుతారు. నీటి శుద్ధిని మెరుగుపరచి ఈ గాఢతను కొత్త నీటి గాఢతకు 3 రెట్ల నుంచి 6 రెట్లకు పెరగనిస్తే, కొత్తగా నింపే నీరు సుమారు 20 శాతం తగ్గుతుంది. టవర్‌కు వచ్చే నీటికీ, వదిలేసే నీటికీ వేర్వేరు మీటర్లు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

చెత్త వేరుచేయడం సక్రమంగా సాగుతోందో లేదో తెలియాలంటే రంగు డబ్బాలను కాక, సాయంత్రం హౌస్‌కీపింగ్ బండిని చూడాలి. అన్ని డబ్బాల సంచులూ ఒకే బండిలోకి చేరుతుంటే ఉద్యోగులకు ఎన్ని పోస్టర్లు చూపించినా ప్రయోజనం లేదు. లాబీలోని మొక్కల కుండీలు చూడముచ్చటగానే ఉంటాయి, కానీ వాటిని ఈ లెక్కల్లో కలపనవసరం లేదు.

వాడకం తగ్గాక సౌర ఫలకాల మాట ఎత్తవచ్చు. ఇరవై అంతస్తుల భవనంలో ఒక్కో అంతస్తు వాటాకు పైకప్పులో ఇరవయ్యో వంతే వస్తుంది కాబట్టి అక్కడ పండే విద్యుత్తు మొత్తం అవసరంలో స్వల్ప భాగమే అవుతుంది. లీడ్, బ్రీమ్ వంటి హరిత భవన ధ్రువపత్రాలకైనా, ఇంధన నిర్వహణ ప్రమాణమైన ఐఎస్ఓ 50001కైనా పైన చెప్పిన మీటరు లెక్కలే ఆధారం కనుక వాటికి అప్పుడు దరఖాస్తు చేయడం సులభం.

అద్దె భవనాల్లో మరో చిక్కు ఉంది: పరికరాలకు పెట్టుబడి యజమానిది, తగ్గిన బిల్లు అద్దెదారుది. అంతస్తుకొక సబ్‌మీటరు పెట్టి, ఆదాలో కొంత భాగాన్ని నిర్ణీత కాలం పాటు యజమానికి చెల్లించేలా, ఇంటీరియర్ పనుల్లో దీపాల వాటేజీకి పరిమితి ఉండేలా, వాడకం వివరాలను ప్రతి నెలా ఇరుపక్షాలూ పంచుకునేలా ఒప్పందంలో రాసుకోవాలి. అద్దె గడువు మధ్యలో ఇలాంటి మార్పులకు ఒప్పించడం కష్టం కాబట్టి, ఒప్పందం పునరుద్ధరణకు కనీసం ఆరు నెలల ముందే ముసాయిదా సిద్ధం చేసి అద్దెదారుల చేతికివ్వడం మేలు.