పిల్లలకు ఆటస్థలం కరవైందా? డెల్టా పట్టణాల శివారు కాలనీలకు సమస్య - పరిష్కారం

5 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భీమవరం, తణుకు, అమలాపురం, రామచంద్రపురం వంటి పట్టణాల శివార్లలో వరి చేలు కాలనీలుగా మారిన వేగంతో ఆటస్థలాలు ఏర్పడలేదు. అయినా వాటిలో చాలా చోట్ల స్థలం అసలే లేకపోవడం కంటే, ఉన్న స్థలం నీటి కిందో, పొదల కిందో, తాళం వెనుకో ఉండిపోవడమే ఎక్కువ. మీ కాలనీ పరిస్థితి కింది లక్షణాలలో దేనికి దగ్గరగా ఉందో ముందు చూసుకోండి.

సమస్య: "మా కాలనీలో ఆడుకునే జాగాయే లేదు"

కారణం: అనుమతి పొందిన లేఅవుట్‌లో కనీసం 10 శాతం భూమిని ఉమ్మడి ఖాళీ స్థలంగా విడిచి, పంచాయతీకి గానీ పురపాలక సంఘానికి గానీ అప్పగించాలి. అంటే ఐదెకరాల లేఅవుట్‌లో అరెకరం, గజాల్లో చెప్పాలంటే 2,420 గజాలు మిగలాలి. ఆ స్థలం తరచుగా మురుగు కాలువ వైపు మూలన పల్లంగా ఉంటుంది. ఎవరూ కంచె వేయకపోవడంతో అక్కడ ముందు ఇళ్ల శిథిలాలు, కొబ్బరి డొక్కలు పడతాయి, తరువాత గేదెల పాక లేస్తుంది, చివరికి అది ఉమ్మడి స్థలమన్న సంగతే అందరూ మరిచిపోతారు. ఇక అనుమతి లేకుండా వేసి ఆపై క్రమబద్ధీకరించుకున్న లేఅవుట్లలో, స్థలానికి బదులు రుసుము కట్టి ఉంటే వెతికినా మైదానం దొరకదు. మీది ఏ రకమో తేల్చుకోవడమే మొదటి పని.

పరిష్కారం: ఆమోదించిన లేఅవుట్ ప్లాను నకలు సంపాదించండి. పట్టణంలో అయితే వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడగవచ్చు. రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదైన వెంచరు అయితే ప్లాను రెరా వెబ్‌సైటులోనే ఉంటుంది. ఇవ్వడానికి తాత్సారం చేస్తే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దీనికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. ప్లాను చేతికి వచ్చాక ఖాళీ స్థలం హద్దులను టేపు పట్టి కొలిచి, ఫొటోలు తీసి, ఆ స్థలం అప్పగింత దస్తావేజు నకలు కూడా కోరండి. ఆక్రమణ కనిపిస్తే పది కుటుంబాలు కలిసి సంతకాలతో అర్జీ ఇవ్వడం మంచిది. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడం చెల్లదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది. అర్జీలో ఆ మాట రాయడం వల్ల అధికారులు విషయాన్ని తేలికగా తీసుకోరు.

సమస్య: "వానలు మొదలైతే మైదానం చెరువైపోతోంది"

డెల్టాలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే దీనివల్ల జూన్ నుంచి నవంబరు దాకా, అంటే ఏడాదిలో సగం, పిల్లలు ఇంటికే పరిమితమవుతారు.

కారణం: చేను నేల బంకమట్టి కనుక నీటిని లోపలికి ఇంకనివ్వదు. పక్కన సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరిగి మైదానం గిన్నెలా పల్లమవుతుంది. ఒకప్పుడు ఆ చేలో నీటిని మురుగు కాలువకు చేర్చిన మురుగు బోదె ఇళ్ల కింద పూడిపోయి ఉంటుంది.

పరిష్కారం: మంచి వాన పడిన మరునాడు ఉదయం వెళ్లి చూడండి. ఎండాకాలంలో చూసి బాగుందనుకున్న మైదానం అసలు స్వభావం ఆ రోజే బయటపడుతుంది. మడమ దిగబడి, చెప్పుకు మట్టి ముద్దగా అంటుకుని, నాలుగడుగులకే కాలు బరువెక్కితే అది మెరక చేయని చేను నేలే. నీరు ఎటు కదలాలని చూస్తోందో గమనించి, ముందుగా ఆ వైపు తూము గానీ చిన్న కాలువ గానీ తీయించాలి. నీరు పోయే దారి లేకుండా మెరక పోస్తే ఖర్చే మిగులుతుంది. ఆ తరువాత బుసక (ఇసుక కలిసిన మట్టి) పోయించి, నూరడుగులకు ఒక అడుగు చొప్పున మురుగు కాలువ వైపు వాలు ఇప్పించండి. ఎర్ర గ్రావెల్ గట్టిపడుతుంది గానీ పడిన పిల్లల మోకాళ్లు చెక్కుకుపోతాయి. చవకగా వస్తుందని చేపల చెరువు తవ్విన మట్టిని మాత్రం ఒప్పుకోకండి, తొలి వానకే అది మళ్లీ బురద అవుతుంది.

సమస్య: "ఊయలలు, జారుడుబల్లలు ఉన్నాయి గానీ పిల్లలకు దెబ్బలు తగులుతున్నాయి"

కారణం: చాలా పార్కుల్లో ఆట పరికరాల కింద సిమెంటో టైల్సో వేసేస్తున్నారు. కాకినాడ, నరసాపురం వంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలి ఇనుమును మరింత త్వరగా తినేస్తుంది.

పరిష్కారం: స్తంభం సిమెంటు దిమ్మలోకి దిగే చోట వంగి చూడండి. రంగు బుడగలా ఉబ్బి ఉంటే గోటితో గీరండి, పెచ్చులుగా తుప్పు రాలితే ఆ ఊయల వాడకం ఆ రోజే ఆపించాలి. తరువాత గొలుసును పైకి ఎత్తి కొక్కెం చూడండి. లోపలి వంపు అరిగి సన్నబడి ఉంటే దాన్ని మార్చాల్సిందే. పరికరాల కింద, చుట్టూ కనీసం ఆరడుగుల మేర సిమెంటు తీయించి, కనీసం 30 సెంటీమీటర్ల లోతున గోదావరి ఇసుక పోయించాలి. ఊయల కింద ఇసుక చెదిరిపోతుంది కనుక వారం వారం సరిచేయడానికి ఒకరిని నియమించుకోండి. కమ్మీల మధ్య సందు 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య ఉంటే ఒళ్లు దూరి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది, అలాంటి చోట అడ్డ కమ్మీ వెల్డింగు చేయించాలి.

సమస్య: "మైదానం ఉంది, కానీ మా చిన్నవాళ్లకు చోటు దొరకదు"

కారణం పెద్దపిల్లల క్రికెట్ కావచ్చు, సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు, దాళ్వా (రబీ) కోతలప్పుడు ఆరబోసిన ధాన్యం కావచ్చు, సంక్రాంతి షామియానాలు కావచ్చు. ధాన్యం రైతుకు ఏడాది కష్టం కనుక ఆ కొద్ది రోజులు సర్దుకోవడమే న్యాయం. క్రికెట్ విషయంలో గొడవపడటం కంటే, సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు ఒక మూల చిన్నవాళ్లకని పెద్దపిల్లలతోనే మాట్లాడి ఒప్పించుకోవడం మేలు. దగ్గరలో ప్రభుత్వ పాఠశాల ఉంటే సెలవు రోజుల్లో ఆవరణ తెరిచే విషయం ప్రధానోపాధ్యాయులతో, పాఠశాల యాజమాన్య కమిటీతో మాట్లాడండి. గేటు తాళానికి, శుభ్రతకు తల్లిదండ్రులు వంతులవారీగా బాధ్యత తీసుకుంటామని రాసిస్తేనే వారు ఒప్పుకోవడానికి వీలుంటుంది.

సమస్య: "నాలుగింటికి పంపితే పావుగంటలో తిరిగొచ్చేస్తున్నారు"

నీడ లేదు. పడమటి అంచున కానుగ, వేప మొక్కలు నాటించండి. ఇనుప జారుడుబల్ల ఎండవేళ పిల్లల తొడలు కాల్చేంత వేడెక్కుతుంది కనుక, చెట్లు ఎదిగేలోగా దానిని ఉత్తరం వైపుకు తిప్పించండి.

సమస్య: మైదానం పక్కనే కాలువ ఉంది

ఇక్కడ ఏ మాత్రం ఉపేక్ష పనికిరాదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పిల్లలు ఎండిన కాలువలోకి దిగి ఆడటం అలవాటు చేసుకుంటారు. ఖరీఫ్‌కు నీళ్లు వదిలాక కూడా బంతి కోసం అదే దారిన దిగుతారు. గట్టు పొడవునా కంచె వేసేదాకా చిన్నపిల్లలను ఆ మైదానానికి పంపవద్దు. గట్టు మీది పొదలు కొట్టించి, చీకటి పడేలోగా ఆట ఆపించండి, ఎందుకంటే కట్లపాము, రక్తపింజరి తిరిగే నేల ఇది. ఎవరినైనా పాము కాటేస్తే కట్లు కట్టడం, గాయం కోయడం చేయకుండా, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేసి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.