ర్యాంక్ కదలకపోయినా, సబ్జెక్ట్ మిగిలిపోయినా: ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

నల్లగొండలో డిగ్రీ చదివిన మూడేళ్లలో రెండేళ్లు నేను వాలరెంట్‌లో, అంటే కంప్యూటర్‌లో ఐదుగురి మీద ఐదుగురు ఆడే తుపాకుల ఆటలో, సిల్వర్ అనే కింది ర్యాంక్ దాటలేదు. అదే రెండేళ్లలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. ఆట వల్లే చదువు పాడైందని ఇంట్లో అన్నారు, నేనూ అదే అనుకున్నాను. మూడో ఏడు రెండింటినీ సరిచేసుకుంటుంటే తెలిసింది, రెండిటికీ జబ్బు ఒకటే. గంటల కొద్దీ కూర్చున్నాను గానీ తప్పు ఎక్కడ జరుగుతోందో ఒక్కసారీ ఆగి చూసుకోలేదు. ఇప్పుడు రామగిరిలో మా పక్క రూమ్ తమ్ముళ్లు నన్ను అవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఆట సంగతులు వాలరెంట్ నుంచి చెబుతాను, నాకు బాగా తెలిసింది అదే. అలాంటిదే అయిన కౌంటర్ స్ట్రైక్ 2 ఆడేవాళ్లకు చాలావరకు పనికొస్తాయి. ఫోన్‌లో బీజీఎంఐ ఆడేవాళ్లు మౌస్ సంగతి వదిలేసి మిగతాది చదవండి.

"రోజూ నాలుగు గంటలు ఆడుతున్నా, ర్యాంక్ అక్కడే ఉంది"

ముందు ఇది చూసుకోండి: ఆ నాలుగు గంటల్లో మ్యాచ్‌లు కాక ఇంకేమైనా ఉందా? నిన్న ఎందుకు చచ్చారో ఒక్కటైనా గుర్తుందా? లేదంటే కారణం దొరికినట్టే. మ్యాచ్‌లో మన మనసంతా గెలుపు మీద ఉంటుంది. చచ్చిన మరుక్షణం తర్వాతి రౌండ్‌కి ఏం కొనాలా అని చూస్తాం. చేసిన తప్పు అక్కడే మరిచిపోయి, రేపు మళ్లీ అదే మూలలో అలాగే చస్తాం. సైకాలజిస్ట్ అండర్స్ ఎరిక్సన్ సహచరులతో కలిసి బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశీలన 1993లో వచ్చింది. బాగా వాయించేవాళ్లు ఒంటరిగా కూర్చుని సాధన చేయడానికి ఎక్కువ సమయం ఇచ్చారని అందులో ఉంది. రాని చోటును పట్టుకుని సరిచేసుకునే సాధన గురించే ఆయన చెప్పింది. నచ్చిన పాట మొదటి నుంచి చివరి దాకా వాయించుకుంటూ పోతే ఆ సాధన కిందికి రాదు. మన ర్యాంక్ మ్యాచ్ కూడా అంతే.

ఏం చేయాలంటే, రోజుకు ఒక్క మ్యాచ్ రికార్డ్ చేయండి. స్క్రీన్ రికార్డ్ చేసే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. మొత్తం చూడొద్దు, మీ చావులు మాత్రం చూడండి. ఒక్కోదానికి వెనక్కి పది సెకన్లు చాలు. నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి. క్రాస్‌హెయిర్ (తెర మధ్యలోని గురి గుర్తు) తల ఎత్తులో ఉందా? కదులుతూ కాల్చానా? నేను చస్తే, నన్ను చంపినవాణ్ని వెంటనే కొట్టేంత దగ్గర్లో మనవాడు ఎవరైనా ఉన్నాడా? ఔను, కాదు అని రాస్తే చాలు. ఇరవై నిమిషాల పని.

నా మొదటి వారం నోట్‌బుక్‌లో మూడో గడి నిండా 'లేడు' అనే ఉంది. అప్పటిదాకా నాకు ఎయిమ్ (గురి) లేదనుకుని ప్రాక్టీస్ బాట్లను (కంప్యూటర్ నిలబెట్టే బొమ్మ శత్రువులను) కొడుతూ కూర్చున్నాను. అసలు తప్పు వేరే. టీమ్ కంటే ముందు ఒక్కణ్నే లోపలికి పోతున్నాను. నేను చచ్చినా మనవాడు వెంటనే నన్ను చంపినవాణ్ని చంపి ట్రేడ్ చేస్తే నలుగురి మీద నలుగురు మిగులుతారు. ఒక్కణ్నే పోయి చస్తే మిగతా రౌండంతా ఐదుగురి మీద నలుగురే. ఒక వారం అంతా ఆ ఒక్క తప్పు మీదే పనిచేశాను, మిగతా రెండు గడులను ముట్టుకోలేదు. మీరూ వారానికి ఒక్కటే ఎంచుకోండి. మూడూ ఒకేసారి సరిచేయబోతే ఏదీ నిలవదు.

"తల మీదే పెట్టాను, తగలట్లేదు"

ఇందులో మూడు కారణాలుంటాయి, ఇదే వరసలో చూడండి.

కదులుతూ కాల్చడం మొదటిది. వాలరెంట్‌లో పరిగెత్తుతూ కాలిస్తే గుండు క్రాస్‌హెయిర్ ఉన్న చోటికి పోదు. కీ వదిలి, మనిషి ఆగాక కాల్చాలి. కౌంటర్ స్ట్రైక్‌లోనైతే ఎదురు కీ ఒకసారి తట్టి ఆపాలి. రికార్డింగ్ నెమ్మదిగా పెట్టి చూస్తే మీ తప్పు మీకే కనపడుతుంది.

రెండోది ఎత్తు. నిండు హెల్త్ 100, పెద్ద షీల్డ్ (కవచం) 50, కలిపి 150. వాండల్ తుపాకీతో తలకు తగిలితే ఎంత దూరమైనా 160. అంటే ఒక్క గుండు చాలు. కానీ నడిచేటప్పుడు క్రాస్‌హెయిర్ నేల మీద ఉంటే, శత్రువు కనపడ్డాక దాన్ని పైకి లాగాలి, అంతలో వాడు కాల్చేస్తాడు. కస్టమ్ గేమ్‌లో ఒక్కరే మ్యాప్ తిరగండి. ప్రతి మలుపు దగ్గరా తల ఎక్కడ ఉంటుందో అక్కడే క్రాస్‌హెయిర్ నిలిపి నడవండి. రోజూ పది నిమిషాలు, రెండు వారాలు. గంటసేపు డెత్‌మ్యాచ్ (టీమ్ లేకుండా ఎవరికి వారే కొట్లాడే ఆట) కంటే నాకు దీని వల్లే ఎక్కువ మేలు జరిగింది.

మూడోది సెన్సిటివిటీని (మౌస్ కదిపితే ఆటలో చూపు ఎంత తిరగాలన్న సెట్టింగ్) వారానికోసారి మార్చడం. ఎవరో ప్లేయర్ సెట్టింగ్ చూసి మారుస్తారు, చెయ్యి అలవాటు పడేలోపు మళ్లీ మారుస్తారు. మౌస్ డీపీఐని (మౌస్‌కు సొంతంగా ఉండే వేగం లెక్క) ఆటలోని సెన్సిటివిటీతో గుణించండి. ప్రొఫెషనల్ ప్లేయర్లలో ఎక్కువమంది 200 నుంచి 400 మధ్యే ఉంటారు. 800 డీపీఐ, 0.35 సెన్సిటివిటీ అయితే 280. ఆ లెక్కన ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్‌ను దాదాపు 47 సెంటీమీటర్లు జరపాలి. స్కేల్ పెట్టి కొలుచుకోవచ్చు. అంత చోటు కావాలంటే టేబుల్ మీది పుస్తకాలూ టిఫిన్ డబ్బా తీసేయాలి. ఒక్కసారి పెట్టుకున్నాక నెల రోజులు ముట్టుకోవద్దు.

"మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది, తర్వాత ఆగి ఆగి నడుస్తుంది"

ఎండాకాలం మన దగ్గర ఇది మామూలు. నల్లగొండ మేలో రేకుల రూమ్‌లో మధ్యాహ్నం మూడింటికి లాప్‌టాప్ తట్టుకోలేదు. లోపలి వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, దాంతో ఫ్రేమ్‌లు పడిపోతాయి. పరుపు మీద పెట్టి ఆడొద్దు. వెనక వైపు రెండు పుస్తకాలు పెట్టి లేపండి, ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి, ఫ్రేమ్ రేట్‌కు ఒక హద్దు పెట్టండి. ఫోన్ అయితే వెనక కవర్ తీసేయండి, ఛార్జింగ్‌లో పెట్టి ఆడొద్దు.

ఫ్రేమ్‌లు బాగానే ఉన్నా ఆటలోని మనిషి వెనక్కి లాగినట్టు అవుతుంటే అది నెట్. వాలరెంట్ సెట్టింగ్స్‌లో ప్యాకెట్ లాస్ (దారిలో పోయే డేటా) గ్రాఫ్ ఆన్ చేయండి. పింగ్ (సర్వర్‌కు వెళ్లి వచ్చే సమయం) నిలకడగా ఉండి లాస్ పెరుగుతుంటే చాలాసార్లు తప్పు వైఫైది. లాన్ వైర్ వేయండి, కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. కరెంట్ పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ ఒక్క క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంటే, రౌటర్ కోసమే అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ తీసుకోండి. అడాప్టర్ మీద వోల్టేజ్ ఎంతుందో చూసి కొనండి.

"మా టీమ్‌లో ఎవరూ మాట వినరు"

ముందు మీ మాటే రికార్డింగ్‌లో వినండి. "అరేయ్ అక్కడున్నాడు, అక్కడే, చూడు మామా చూడు!" ఇందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. చోటు, ఎంతమంది, ఎంత తగిలింది, ఇవి చెప్పండి: "బీ మెయిన్, ఇద్దరు, ఒకడికి 80." (బీ మెయిన్ అంటే మ్యాప్‌లో ఒక చోటు పేరు.) చచ్చాక ఇది చెప్పి నోరు మూసుకోవాలి. బతికున్నవాడికి అడుగుల చప్పుడు వినపడాలి. తప్పు ఎవరిదన్న చర్చ మ్యాచ్ అయ్యాక చేసుకోండి.

"చదివేటప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటుంది, పేపర్ చూస్తే ఖాళీ"

రోజూ ఆడినా ర్యాంక్ కదలని జబ్బే, చదువులోకి వచ్చింది. చదివిందే మళ్లీ చదివితే ఆ పేజీ కంటికి అలవాటవుతుంది. ఆ అలవాటునే వచ్చేసిందని అనుకుంటాం. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో చేసిన ప్రయోగం నా కళ్లు తెరిపించింది. ఒక గుంపు పాఠాన్ని నాలుగు దఫాలు చదివింది. ఇంకో గుంపు ఒక దఫా చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. ఐదు నిమిషాలకు అడిగితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 61 శాతం. సెమిస్టర్ పరీక్ష ఐదు నిమిషాలకు రాదు కదా.

అందుకని ఒక టాపిక్ చదివాక పుస్తకం మూసి తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయండి. తర్వాత పుస్తకం తెరిచి, రానిది ఎర్ర పెన్నుతో చేర్చండి. ఆ ఎర్ర గీతలే మీ చావుల రికార్డింగ్. మూడు రోజులకు మళ్లీ, వారానికి మళ్లీ రాయండి. పాత ప్రశ్నపత్రాలు పరీక్ష ముందు రోజు తీసేవి కావు, యూనిట్ మొదలుపెట్టిన రోజే తీయండి. మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది, ఏమీ రావట్లేదని టెన్షన్ వస్తుంది. ఆ కష్టపడే చోటే గుర్తుండటం మొదలవుతుంది, దయచేసి అక్కడ ఆపకండి.

"ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు"

ఇంటర్‌లో పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్సే. ఏ సబ్జెక్ట్ ఎప్పుడు తీయాలో కూడా వార్డెనే చెప్పేవాడు. డిగ్రీకి వస్తే అడిగేవాడే లేడు. మహాత్మా గాంధీ యూనివర్సిటీ అయినా, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ అయినా అంతే. మనకు టైమ్‌టేబుల్ పాటించడం వచ్చు, వేసుకోవడం ఎవరూ నేర్పలేదు. దీన్ని బద్ధకం అని తిట్టుకోవద్దు. సిలబస్ ప్రింట్ తీసి గోడకు అంటించండి. ఒక్కో యూనిట్‌ను ఐదారు ప్రశ్నలుగా విడగొట్టండి. "ఈ రోజు ఎకనామిక్స్" అని పెట్టుకుంటే పుస్తకం తెరిచి ఆగిపోతారు, "ఈ రోజు రెండో యూనిట్ మూడో ప్రశ్న" అని పెట్టుకుంటే పని కదులుతుంది. క్లాసులు సరిగా జరగకపోతే ఆన్‌లైన్‌లో స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి.

మన జిల్లాల్లో ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియం. విషయం రాకనా, భాష రాకనా అన్నది మనకే తెలియదు. తేల్చుకోవడం తేలికే: అదే జవాబు తెలుగులో నోటితో చెప్పి చూడండి. చెప్పగలిగితే విషయం వచ్చినట్టే, లోటు మాటల దగ్గరే. అప్పుడు ముందు తెలుగు అకాడమీ పుస్తకంలో యూనిట్ చదివి, తర్వాత ఇంగ్లిష్ పుస్తకంలో అదే యూనిట్ చదవండి. యూనిట్‌కు పదిహేను పారిభాషిక పదాలు తీసి, ఒక్కోదానికి సొంత మాటల్లో ఒక వాక్యం రాయండి. నాకు ఆపర్చునిటీ కాస్ట్ ఎంతకీ ఎక్కలేదు. ఆటలో చేతిలో 3000 క్రెడిట్లు (తుపాకులు కొనే డబ్బు) ఉంటే, 2900 పెట్టి వాండల్ కొంటే, 1600 స్పెక్టర్ తుపాకీ, 1000 పెద్ద షీల్డ్ రెండూ వదులుకోవాలి. అలా వదులుకున్నదే ఆపర్చునిటీ కాస్ట్ అని రాసుకున్నాక ఇప్పటికీ మరవలేదు.

"ఒక్క మ్యాచ్ అని కూర్చుంటే రాత్రి రెండవుతుంది"

ఓడిపోయిన పాయింట్లు తిరిగి తెచ్చుకోవాలని మళ్లీ క్యూ వేస్తాం, అలసిన చేతితో ఇంకా ఓడతాం. వరసగా రెండు ఓడితే ఆ రోజుకు ర్యాంక్ మ్యాచ్ ఆపేయండి. 13 రౌండ్లు గెలిచే దాకా సాగే ఆట ఇది, మధ్యలో లేస్తే పెనాల్టీ పడుతుంది. చేతిలో గంట లేనప్పుడు మొదలుపెట్టకండి. చదువు పొద్దున చల్లగా ఉన్నప్పుడు, ఆట సాయంత్రం. నిద్ర మాత్రం రెండింటికీ కావాలి. 2002లో మాథ్యూ వాకర్ బృందం వేళ్లతో వరసగా కీలు నొక్కే సాధన మీద చేసిన ప్రయోగంలో, రాత్రి నిద్ర తర్వాత అదనపు సాధన లేకుండానే వేగం దాదాపు 20 శాతం పెరిగింది.

"పరీక్షలున్నా టీమ్ వాళ్లు రమ్మంటున్నారు"

చెప్పకుండా మాయమైతే వాళ్లకు కోపం వస్తుంది. అరగంట అని వెళ్తే చదువు పోతుంది. హాల్ టికెట్ రాగానే గ్రూప్‌లో తేదీలతో పెట్టేయండి: "అన్నా, 12 నుంచి సెమ్ ఉంది. 28 దాకా నా చోటులో వేరేవాళ్లను చూసుకోండి, 29 సాయంత్రం వస్తా." మా టీమ్‌లో మొదటిసారి నేను ఇలా పెట్టినప్పుడు, గంటలోపు ఇంకో ఇద్దరు వాళ్ల తేదీలూ పెట్టారు.