ఇంటి లోపలి రంగులు, మూడో పాఠం: ఎండిన పూతకు సీసా పరీక్ష

గత పాఠంలో డబ్బా మీది వివరాలు చదవడం నేర్చుకున్నాం. గది వేడికే ఆవిరై గాలిలో కలిసే సేంద్రియ రసాయనాలను వీఓసీ అంటారు. అవి లీటరుకు ఎన్ని గ్రాములున్నాయో చూసి మీరు రెండు మూడు రంగులు ఎంచుకుని ఉంటారు. ఈసారి వాటిని పక్కపక్కన పెట్టి పరీక్షిద్దాం. ఈ పాఠం నీళ్లతో పలుచన చేసే రంగులకే. టర్పెంటైన్ కలిపే రంగుల్ని ఇలా వాసన చూడకండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు ఈ పనికి దూరంగా ఉండాలి.

డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని ‘దీనికి వాసన లేదు’ అని తేల్చేయడం చాలామందికి అలవాటు. నా దృష్టిలో అది పరీక్షే కాదు. తడి రంగు వాసన ఒకటి రెండు రోజుల ముచ్చట. మనం ఏళ్ల తరబడి కలిసి బతికేది ఎండిన పూతతో. అందుకే ఎండిన పూతనే పరీక్షించాలి, అదీ రోజులు గడిచేకొద్దీ మళ్లీ మళ్లీ.

కావలసినవి: ఒకే కొలత గల వెడల్పు మూతి గాజు సీసాలు, అందులో పట్టే గాజు పలకలు, సూది లేని సిరంజి, రంగుకొకటి చొప్పున చిన్న బ్రష్షు. ప్లాస్టిక్ డబ్బాలు వద్దు, అవి వాసన పీల్చుకుంటాయి. సీసాల్నీ మూతల్నీ వాసన లేని సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఊరగాయ పెట్టిన సీసా ఎంత కడిగినా పనికిరాదు.

గాజు పలక మీద 100 చదరపు సెంటీమీటర్ల మేర గీత గీసుకోండి. బ్రష్షును ముందు అదే రంగులో తడిపి, అదనంగా ఉన్నది అంచుకు ఒత్తి తీసేయండి. తర్వాత సిరంజితో సరిగ్గా 1 మిల్లీలీటరు రంగు గీసిన చోట వదిలి సమంగా పరచండి. తడి పూత మందం దాదాపు 0.1 మిల్లీమీటరు వస్తుంది, అంటే లీటరు రంగు 10 చదరపు మీటర్లకు పరిచినట్టు. ఈ కొలత పాటించకపోతే మందంగా పూసిన మంచి రంగు, పలచగా పూసిన నాసిరంగు ముందు ఓడిపోతుంది. ఒక రోజు ఆరాక రెండో కోటు వేయండి. పరీక్షించాల్సింది తెల్ల బేస్‌ను కాదు, మీరు గోడకు వేయబోయే షేడ్‌ను. ముదురు షేడ్‌ కోసం కలిపే రంగుద్రవాల్లో గ్లైకాల్ లాంటి వీఓసీలు ఉండొచ్చు. బేస్‌కు రాసిన వీఓసీ అంకె అప్పుడు పెరుగుతుంది.

రెండో కోటు వేసిన మర్నాడు ఒక్కో పలకను ఒక్కో సీసాలో పెట్టి మూత బిగించండి. ఏమీ పూయని పలకతో ఇంకో సీసా కూడా సిద్ధం చేయండి, పోల్చుకోడానికి అది తప్పనిసరి. 24 గంటలు ఎండ తగలని చోట ఉంచాక, ఇంట్లో ఇంకొకరిని సీసాల అడుగున గుర్తులు రాసి వరస మార్చమనండి. ఏది ఏ రంగో మీకు తెలియకూడదు. ఖరీదైన డబ్బా మీద మనకున్న నమ్మకం ముక్కుకు కూడా ఎక్కుతుంది. మూత తీసి, సీసా మీది గాలిని చేత్తో మీ వైపు విసురుకుని ఒక్కసారే పీల్చి, 0 నుంచి 5 లోపు అంకె వేయండి. ముక్కు ఏ వాసనకైనా త్వరగా అలవాటు పడిపోతుంది కాబట్టి, తర్వాతి సీసా తెరిచే ముందు కాసేపు బయటి గాలి పీల్చుకోండి.

ఆపైన పలకల్ని గాలి ఆడే చోట విడివిడిగా ఉంచండి. 3, 7, 28 రోజులకు ముందు రోజున మళ్లీ సీసాల్లోకి చేర్చి ఇదే పని చేయండి. ప్రయోగశాలల్లో గది లాంటి పెట్టెలో పూతను పెట్టి గాలిని కొలిచేటప్పుడు కూడా 3వ రోజు, 28వ రోజు లెక్కలు తీసే పద్ధతి ఉంది.

ఇక వాసన అర్థం చెప్పుకుందాం. కళ్లు చెమ్మగిల్లే ఘాటు మొదటి రోజు ఉండి తొందరగా పోతే అది అమ్మోనియా కావచ్చు. అమ్మోనియా సేంద్రియ పదార్థం కాదు, కాబట్టి ‘వీఓసీ సున్నా’ అని రాసిన డబ్బాలోంచి కూడా వస్తుంది. 28వ రోజుకీ సన్నగా తియ్యటి మొద్దు వాసన మిగిలిందంటే, పూత ఒకటిగా కుదురుకోడానికి కలిపే, నెమ్మదిగా ఆవిరయ్యే ద్రావకాల్ని అనుమానించండి. ఐరోపా సమాఖ్య 2004 నాటి నిబంధన ప్రకారం 250 డిగ్రీల సెల్సియస్‌కు లోపు మరగడం మొదలుపెట్టేవే వీఓసీ. అంతకు కాస్త పైన మరిగేవి ఆ లెక్కలోకి రావు, గాలిలోకి మాత్రం మెల్లగా వస్తూనే ఉంటాయి. కుళ్లిన వాసనైతే రంగు డబ్బాలోనే చెడిపోయింది, వాడొద్దు. పూల పరిమళం కలిపిన రంగుకు ఈ పరీక్ష చెల్లదు. కప్పిపెట్టిన వాసనను ముక్కు కనిపెట్టలేదు.

అంకె సున్నా వచ్చినా హాయిగా ఊపిరి పీల్చుకోకండి. రంగు పాడవకుండా కలిపే ఐసోథయాజోలినోన్లు వాసనతో పట్టుబడవు, పడనివాళ్లకు ఒంటిమీద దద్దుర్లు తెస్తాయి. ఫార్మాల్డిహైడ్ అనే వాయువు కొద్ది మోతాదులో ఉంటే ముక్కుకు తెలియకపోవచ్చు. దాన్ని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. వీటి విషయంలో రెండో పాఠంలో చెప్పిన భద్రతా పత్రమే (రంగులోని హానికర రసాయనాల గురించి తయారీదారు ఇచ్చే కాగితం) దిక్కు.

కప్పే శక్తి సంగతి కూడా ఇప్పుడే చూసేయండి. నిగనిగలాడే తెల్ల అట్ట మీద అచ్చయిన నల్ల పట్టీపై అదే కొలతతో పూసి, పట్టీ కనుమరుగయ్యే దాకా కోట్లు లెక్కపెట్టండి. లీటరుకు 30 గ్రాముల వీఓసీ ఉన్న రంగు రెండు కోట్లలో కప్పిందనుకోండి. చదరపు మీటరుకు 0.2 లీటరు, అంటే 6 గ్రాములు. 20 గ్రాములదే మేలనుకుని కొన్న రంగుకు నాలుగు కోట్లు పట్టాయా, 0.4 లీటరు, 8 గ్రాములు! డబ్బా మీద తక్కువ అంకె ఉన్న రంగే మీ గదిలోకి ఎక్కువ వదిలింది. పోల్చాల్సింది లీటరు లెక్కన కాదు, గోడ లెక్కన.

రంగు పేరు, షేడ్, నాలుగు రోజుల వాసన అంకెలు, కోట్లు, చదరపు మీటరుకు గ్రాములు ఒక పట్టికలో రాసి పెట్టుకోండి. 28వ రోజు వాసన చూశాక పలకల్ని పారేయకండి. నాలుగో పాఠంలో తడిగుడ్డతో రుద్ది చూసేది వాటినే.