ముందు పళ్ళ మరక దగ్గరే ఆగిపోకండి, ఆరో పన్ను చూడండి

మా అనంతపురంలో పిల్లల ముందు పళ్ళ మీద మరక కనబడితే చాలు, ‘బోరు నీళ్ళమ్మా, ఫ్లోరైడ్’ అని పంపించేస్తాం. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన దంతవైద్యులకు నా మనవి ఒకటే. ఆ మాట అనేముందు నోరు బాగా తెరిపించి, మధ్యలోంచి లెక్కపెట్టి ఆరో పన్ను, అంటే మొదటి శాశ్వత దవడ పన్ను చూడండి. అర నిమిషం పని.

సమస్య: సుద్ద పూసినట్టు మసక, సన్నని తెల్ల గీతలు, రెండు పక్కలా ఒకేలా.
ఇది ఫ్లోరైడే. ఇప్పుడు తాగే నీళ్ళు కాదు, పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా ఏ నీళ్ళు తాగారో అడగండి. పైపొర మరకైతే మైక్రో అబ్రేషన్‌తో (పంటి పైపొరను పలచగా అరగదీయడం) చాలావరకు తగ్గుతుంది.

సమస్య: గీత గీసినట్టు అంచున్న పసుపు, గోధుమ మచ్చ. దవడ పన్ను చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. ఫిల్లింగ్ వేసిన ప్రతిసారీ ఊడిపోతుంది.
నన్ను దెబ్బతీసింది ఇదే. ఎనిమిదేళ్ళ బాబు ముందు పంటి మచ్చ చూసి ఫ్లోరైడ్ అని రాశాను. ఏడాదిన్నరకు మళ్ళీ వచ్చాడు, ఒకపక్కే నములుతూ. కింది దవడ పన్ను చిగురు దాకా రాలిపోయింది. ‘పాలపన్నే కదా సార్, ఊడి కొత్తది వస్తుందనుకున్నా’ అంది తల్లి. ఆమె తప్పేముంది? ఆరో ఏట ఆ పన్ను ఏదీ ఊడకుండానే వెనకనుంచి వస్తుంది. అది శాశ్వత పన్నని చెప్పాల్సింది నేను.

దీన్ని ఎం.ఐ.హెచ్. (మోలార్ ఇన్‌సైజర్ హైపోమినరలైజేషన్) అంటాం, అంటే దవడ పళ్ళ, ముందు పళ్ళ పైపొర ఎనామెల్ సరిగా గట్టిపడకపోవడం. ఎనామెల్ మందం సరిగానే ఉంటుంది, గట్టిదనం ఉండదు. నమిలేకొద్దీ పెచ్చులూడుతుంది. నొప్పికి పిల్లలు అక్కడ బ్రష్ ఆనించరు, దాంతో పిప్పి పడుతుంది. ఫిల్లింగ్ ఊడితే మెటీరియల్‌ను తిట్టకండి, దాని అంచు ఎక్కడ ఆగిందో చూడండి. గుల్ల ఎనామెల్ మీద ఏదీ గట్టిగా అంటుకోదు, గట్టి ఎనామెల్ దాకా వెళ్ళాలి. పన్ను పూర్తిగా పైకి రాకపోతే గ్లాస్ అయానమర్‌తో (ఫ్లోరైడ్ వదిలే ఫిల్లింగ్ సిమెంట్) కప్పి, మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయండి. కొనలు విరిగితే స్టీల్ క్యాప్. మత్తు సూది ఈ పళ్ళకు ఒక పట్టాన పట్టదు. పిల్లవాడు నొప్పంటే అది నొప్పే, మొండితనం కాదు, డ్రిల్ ఆపండి. నిలవదనిపిస్తే ఎనిమిది, పదేళ్ళ మధ్యే ఎక్స్‌రే తీసి, ఆ పన్ను తీసేయడం గురించి ఆర్థోడాంటిస్ట్‌ను (పళ్ళ వరస సరిచేసే డాక్టర్) అడగండి. సరైన వయసులో తీస్తే వెనక పన్ను ఆ చోటుకు జరుగుతుంది.

ఒక్క పంటికే మచ్చ ఉంటే పైనున్న పాలపంటికి చీము పట్టో దెబ్బ తగిలో ఉంటుంది, ఆ మేరకు ఫిల్లింగ్ చాలు. పాలపళ్ళతో సహా అన్నీ అలాగే ఉంటే వంశపారంపర్యం కావచ్చు. అరుదు, పిల్లల దంతవైద్యుల దగ్గరికి పంపండి.

ఇంటికి పంపేటప్పుడు తల్లికి అద్దం ఇచ్చి ఆ ఆరో పన్ను చూపించండి. గోరువెచ్చని నీళ్ళతో బ్రష్ చేయించమనండి, జివ్వుమనడం తగ్గుతుంది. చేశాక నురగ ఉమ్మేస్తే చాలు, పుక్కిలిస్తే పేస్టులోని ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది.