‘అరే’ బోర్డు దాటాక: మాంట్రియల్‌లో రాజనీతిశాస్త్రం చదవబోయే మన జిల్లాల పిల్లలకు

మాంట్రియల్‌లో దిగాక కూడళ్లలో ఎర్ర బోర్డు మీద ‘అరే’ అని కనబడుతుంది. మిమ్మల్ని ఎవరూ పిలవడం లేదు, ఆగమంటున్నారు. ఫ్రాన్సులో కూడా ‘స్టాప్’ అనే రాస్తారు, మాంట్రియల్ ఉన్న కెనడా రాష్ట్రం క్యూబెక్‌లో మాత్రం ఫ్రెంచి మాటే. కేఎఫ్‌సీ అక్కడ పీఎఫ్‌కే. 1977 నాటి ఫ్రెంచి భాషా చట్టం గురించి క్లాసులో వినేలోపే వీధిలో చూసేస్తారు.

ఫీల్డ్‌వర్క్‌కి వచ్చి ఆదోనిలో కూర్చుని ఇది రాస్తున్నా. ఇల్లు, బ్యాంకు, సిమ్ము సంగతులు సీనియర్లు చెప్తారు. బూట్లు అక్కడికెళ్లాకే కొనుక్కోండి, అనంతపురం బూట్లు ఆ మంచుకి ఆగవు. మన సరుకులకు పార్క్ ఎక్స్‌టెన్షన్ పేటకు వెళ్లండి.

అసలు టెన్షన్ యూనివర్సిటీలో. ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలవమంటారు. నాకు నోరు రాక, ఆరు నెలలు ఏమీ పిలవకుండా ‘ఎక్స్‌క్యూజ్ మీ’తో నెట్టుకొచ్చాను. సెమినార్‌లో వినయంగా ఊరుకుంటే చదవలేదనుకుంటారు. తప్పో ఒప్పో, వారానికొక ప్రశ్న అడగండి.

ఏం అడగాలంటారా? మన దగ్గర లేనిదేముంది! 1953లో బళ్లారి జిల్లాను విడగొట్టినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగతావి మైసూరుకు పోయాయి. ఆ ఏడాది అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. మా అవ్వ తెలుగులో తిట్టేది, కన్నడంలో లెక్కపెట్టేది, అంగట్లో ఉర్దూలో బేరమాడేది. ఇవన్నీ పల్లెటూరి కబుర్లని మొదటి ఏడాది దాచుకున్నాను. ఎంత తెలివితక్కువ పనో! రాజనీతిశాస్త్రవేత్త అరెండ్ లైప్‌హార్ట్ 1996లో భారత ప్రజాస్వామ్యం ఎలా నిలబడిందో వివరిస్తూ భాషా రాష్ట్రాలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఇంకో రాజనీతిశాస్త్రవేత్త డేవిడ్ లేటిన్ అమెరికా ప్రభుత్వ సేవా పథకమైన పీస్ కోర్ వాలంటీరుగా సోమాలియాకు వెళ్లారు, తర్వాత ఆ దేశపు భాషా రాజకీయాల మీదే పరిశోధన చేశారు. వాళ్లు దూరం నుంచి వెళ్లి నేర్చుకున్నది మీకు ఇంట్లోనే ఉంది. కాకపోతే దాన్ని ప్రశ్నగా మార్చాలి. ఉదాహరణకు, ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం 2019లో ఇచ్చిన జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. సరిహద్దు మండలంలో కన్నడం మాట్లాడే పిల్లవాడి తల్లికి ఈ గొడవలో ఏ భాష కావాలి?

ఒక హెచ్చరిక. మనుషులతో ఇంటర్వ్యూలు చేయాలంటే ముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. మొదటి సెలవుల్లో ఉత్సాహం ఆపుకోలేక ఇక్కడే ఇద్దరు టీచర్ల మాటలు రికార్డు చేసుకుపోయాను. మూడు గంటల ఆణిముత్యాలు థీసిస్‌లో వాడుకోవడానికి లేకుండా పోయాయి. ఈసారి అనుమతి కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నా. ఆ టీచర్లలో ఒకాయన రిటైరై బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారట.

ఫ్రెంచి మొదటి వారంలోనే మొదలుపెట్టండి. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో ఇంగ్లీషుతో గడిచిపోతుంది, నిజమే. కానీ ఫ్రెంచిలో పాఠం చెప్పలేనివాళ్లకు లావల్ లాంటి ఫ్రెంచి యూనివర్సిటీల్లో ఉద్యోగం కష్టం. ఉత్తర అమెరికాలో అధ్యాపక ఉద్యోగాల ప్రకటనలు ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరుల్లోనే వస్తాయి. మామూలుగా సిఫార్సు లేఖలు మూడు అడుగుతారు. కాబట్టి ఇద్దరు ప్రొఫెసర్లతోనే చనువు పెంచుకుని ఆగిపోకండి, మూడో ఆయన గది తలుపు కూడా తట్టండి. పేరు పెట్టే పిలవండి.