వానాకాలం క్యాంపులో చిన్న జనరేటర్‌తో వ్యాన్ బ్యాటరీలు చార్జ్ చేయడం ఎలా?

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, నల్లగొండ దారుల్లో బండ్లు బారులు తీరతాయి. ఈమధ్య వాటిలో పడక, స్టవ్వు, ఫ్రిజ్ అమర్చుకున్న వ్యాన్లు కూడా కనిపిస్తున్నాయి. మాదీ అలాంటిదే. ఎండాకాలంలో పైకప్పు మీది సోలార్ ప్యానెలే బ్యాటరీలను చూసుకుంటుంది. ముసురు పట్టి, సోమశిల ఒడ్డున ఏ చింతచెట్టు కిందో రెండు రోజులు ఆగామంటే మాత్రం ప్యానెల్ చేతులెత్తేస్తుంది. చిన్న పెట్రోల్ జనరేటర్ అక్కరకొచ్చేది అప్పుడే. పద్ధతిగా వాడితే రోజుకు రెండు గంటలు చాలు. పద్ధతి తప్పితే పొద్దంతా మోగినా బ్యాటరీ నిండదు, పైగా ప్రాణాల మీదికి రావచ్చు.

ముందు కరెంటు ఖర్చు లెక్క వేయండి

మా వ్యాన్‌లో రాత్రంతా తిరిగే రెండు ఫ్యాన్లకు 32, చిన్న 12 వోల్టుల ఫ్రిజ్‌కు 40, లైట్లు, ఫోన్లు, నీళ్ల పంపుకు కలిపి 18. మొత్తం రోజుకు 90 ఏహెచ్. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, ఒక ఆంప్ కరెంటు గంటసేపు వాడితే ఒక ఏహెచ్. ఉన్నవి 150 ఏహెచ్ ట్యూబులర్ రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, అంటే 300లో 90 ఖర్చవుతోంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని మాటిమాటికీ సగం కన్నా కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. లోడ్లన్నీ ఆపి, కాసేపు ఆగి మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి వచ్చిందంటే దాదాపు సగం అయిపోయినట్టు. అంతదాకా రానివ్వకుండానే జనరేటర్ బయటికి తీయాలి.

12 వోల్టుల సాకెట్ జోలికి వెళ్లొద్దు

చాలా జనరేటర్ల మీద డీసీ 12 వోల్టులని ఒక చిన్న సాకెట్ ఉంటుంది. బ్యాటరీ కూడా 12 వోల్టులదే కదా అని ఎవరైనా దానికే తగిలిస్తారు. డిండి చెరువు దగ్గర మొదటిసారి ఆగినప్పుడు నేనూ అదే చేశాను. నాలుగు గంటలు నడిపితే బ్యాటరీల్లోకి ఎక్కింది 30 ఏహెచ్ చిల్లర. ఆ సాకెట్ ఇచ్చేది సాధారణంగా 8 ఆంప్సే. పైగా బ్యాటరీ ఎంత నిండిందో చూసుకుని వోల్టేజీ సర్దే ఏర్పాటు దానికి ఉండదు.

జనరేటర్ 230 వోల్టుల సాకెట్‌కు మంచి ఆటోమేటిక్ చార్జర్ పెట్టి, దాని నుంచి బ్యాటరీకి ఇవ్వండి. ట్యూబులర్ బ్యాటరీకి దాని ఏహెచ్‌లో పదోవంతు ఆంప్స్ మంచిది. మా 300కి 30 ఆంప్స్ చార్జర్ సరిపోయింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే ఇంకా వేగంగా తీసుకుంటుంది, కానీ చార్జర్‌లో లిథియం సెట్టింగ్ తప్పనిసరిగా ఉండాలి.

ఇక జనరేటర్ సైజు. 30 ఆంప్స్‌ను 14.4 వోల్టులతో హెచ్చిస్తే 432 వాట్లు. చార్జర్‌లో పోయేది కలుపుకుంటే 500 దాటుతుంది. మామూలు చార్జర్లు వాట్ల కన్నా ఎక్కువ వీఏ (జనరేటర్ మీద అసలు పడే లోడు కొలత) లాగుతాయి కాబట్టి 700 వీఏకు పైనే లెక్కేసుకోవాలి. ఒక కేవీఏ, అంటే 1000 వీఏ ఇచ్చే ఇన్వర్టర్ రకం జనరేటర్ దీనికి చాలు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసే గరిష్ఠ సామర్థ్యం కాదు, ఆగకుండా ఇవ్వగలిగే రేటెడ్ సామర్థ్యం చూసి కొనండి.

వ్యాన్‌లో ఇంట్లో వాడే రకం ఇన్వర్టర్ పెట్టుకున్నవాళ్లకు విడిగా చార్జర్ అక్కర్లేదు, కరెంటు అందగానే అదే చార్జ్ చేస్తుంది. జనరేటర్ పెట్టినా తీసుకోవడం లేదంటే వెనక ఉన్న యూపీఎస్ స్విచ్‌ను నార్మల్‌కు మార్చి చూడండి. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ కాస్త అటూఇటూ అయినా అది ఒప్పుకోదు. జనరేటర్ కరెంటు అందుతున్నంతసేపు ఇన్వర్టర్‌కు తగిలించిన సామాన్ల లోడు కూడా జనరేటర్ మీదే పడుతుంది. మిక్సీ, ఇండక్షన్ స్టవ్ అప్పుడు వాడకండి.

ఎక్కడ పెట్టాలి?

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషి లేవకుండానే పోవచ్చు. వ్యాన్‌కు కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ అవతలి వైపు తిరిగేలా, గాలి వ్యాన్ నుంచి జనరేటర్ వైపు వీచే చోట పెట్టాలి. వాన పడుతోందని పక్క పందిరి కిందికో, డిక్కీలోకో తెచ్చి నడపకండి. వాన తగ్గేదాకా ఆగండి.

డిండి దగ్గరే ఆ రోజు గాలి మళ్లింది. లోపల పడుకున్న మా అమ్మ లేచి కూర్చుని, కణతలు నొక్కుకుంటూ ‘తల పగిలిపోతోంది బిడ్డా’ అంది. కిటికీ దగ్గరికి వెళ్తే పెట్రోల్ పొగ వాసన. ఆమెను బయటికి తెచ్చి, జనరేటర్ ఆపేశాను. గాలికి కూర్చున్నాక తేరుకుంది. ఆ వారమే మంచం ఎత్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించాను. అది లేని వ్యాన్ దగ్గర జనరేటర్ నడపొద్దు. అలారం ఉన్నా, లోపల ఎవరైనా నిద్రపోతుంటే అసలు నడపొద్దు.

20 అడుగుల దూరం అంటే వైరు కూడా బాగుండాలి. 2.5 స్క్వేర్ ఎంఎం, మూడు కోర్ల వైరు తీసుకోండి. చుట్ట మొత్తం విప్పి పరవండి, చుట్టి ఉంచితే వేడెక్కుతుంది. కనెక్షన్లు తడి నేల మీద పడకుండా చూడండి.

నడిపే క్రమం

జనరేటర్‌ను చదునైన నేల మీద పెట్టి ఇంజిన్ ఆయిల్ చూడండి. పెట్రోల్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే పోయాలి. చార్జర్ క్లిప్పులు బ్యాటరీకి ముందే బిగించండి, ఎర్రది ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. బ్యాటరీ పెట్టె మూత తీసి ఉంచండి, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. దగ్గర్లో అగ్గిపుల్ల గీయొద్దు. చోక్ వేసి, తాడు లాగి స్టార్ట్ చేశాక రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి, అప్పుడు చార్జర్ ప్లగ్ పెట్టండి. ఆపేటప్పుడు ముందు ప్లగ్ తీయాలి, కాసేపటికి ఇంజిన్ ఆపాలి.

ఎప్పుడు ఆపాలి?

అందరూ పెట్రోల్ వృథా చేసేది ఇక్కడే. పొద్దున ఏడింటికి మొదలుపెడితే మా మీటర్ 30 ఆంప్స్ చూపిస్తుంది. గంటన్నర దాకా అది కదలదు. వోల్టేజీ 14.4కి చేరాక ఆంప్స్ దిగుతూ వస్తాయి. తొమ్మిదింటికి 18కి వస్తే నేను ఆపేస్తాను. అప్పటికి 50 ఏహెచ్‌కు పైగా ఎక్కి ఉంటుంది. ఆ చివరి కొంత నిండడానికి బ్యాటరీ గంటల తరబడి చుక్క చుక్కగా తీసుకుంటుంది, దానికి ఇంజిన్ తిప్పడం దండగ. మబ్బు పలచబడ్డాక ప్యానెల్ చూసుకుంటుంది, లేదా బండి నడిపినప్పుడు ఆల్టర్నేటర్ చూసుకుంటుంది. ఇంటికి వచ్చాక మాత్రం కరెంటుకు పెట్టి పూర్తిగా నింపండి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం నింపి వదిలేస్తే ప్లేట్లు పాడవుతాయి.

మే నెలలో నడపాల్సి వస్తే ఇంకో లెక్క ఉంది. 40 డిగ్రీల ఎండలో ట్యూబులర్ బ్యాటరీకి 14.4 వోల్టులు ఎక్కువ, 14 దగ్గర చాలు. టెంపరేచర్ సెన్సర్ ఉన్న చార్జర్ అయితే అదే తగ్గించుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ కూడా తరచూ చూడాలి.

ట్రిప్పు అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్ ఎండేదాకా ఇంజిన్ తిప్పి దాచండి. పెట్రోల్‌లోని ఇథనాల్ తేమ పీలుస్తుంది, నెలల తరబడి వదిలేస్తే కార్బరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రాలు (జెట్లు) మూసుకుపోతాయి. కొత్త జనరేటర్‌కు మొదటి 20 గంటలకు, ఆ తర్వాత ప్రతి 100 గంటలకు ఆయిల్ మార్చండి.

రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు ఎవరి పక్కనా మోగించకండి. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి వెళ్తుంటే బ్యాటరీ పని ముందే ముగించుకోండి. అది పులుల అడవి, అక్కడ జనరేటర్ తీయొద్దు.