అల్పపీడనం రాకముందే రెయిన్‌గేజ్ స్కేలు అంచు చూసుకోండి

బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే చాలు, తిరుపతి, చిత్తూరు వైపు మనసులన్నీ 2021 నవంబరుకు పోతాయి. ఆ నెలలో స్వర్ణముఖి పొంగింది, కల్యాణి డ్యాం గేట్లెత్తారు, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు నీరు ఊరుతోందని దిగువ పల్లెలు ఖాళీ చేయించారు. మన మిద్దె మీద ఎంత పడింది, మన కుంట నీరు మొరవకు, అంటే నిండాక నీరు పొర్లిపోయే చోటుకు, ఇంకా ఎంత కిందుంది అన్నది ఎవరికి వాళ్లు కొలుచుకోవడం మంచి పనే. వాన కొలిచే రెయిన్‌గేజ్ అంటే గరాటు, దాని కింద నీరు చేరే గొట్టం, పక్కన మి.మీ. స్కేలు. అయితే ఇంట్లో చేసుకున్న గేజులో గరాటూ చెడదు, గొట్టమూ చెడదు. ప్రింటు తీసి అతికించిన స్కేలు చెడుతుంది. అదీ నాలుగు చినుకులకు కాదు, రాత్రంతా కురిసిన వానకు. పొద్దున ఎనిమిదిన్నరకు రీడింగు చూడబోతే అంకెలుండవు.

చెట్టు కింద పెట్టొద్దు, గరాటు వాలకూడదు లాంటివి అందరికీ తెలిసినవే. ఇక్కడ చెప్పేది స్కేలు గురించి. అందులోనూ ముఖ్యంగా దాని అంచు గురించి.

లామినేషన్ చేయించిన స్కేలును కాగితం అంచు వెంబడి కత్తిరించకండి.

స్కేళ్లను నాశనం చేసే తప్పు ఇదొక్కటే అనుకున్నా ఫరవాలేదు. లామినేషన్ అంటే పైనొక ఫిల్ము, కిందొక ఫిల్ము, మధ్యలో కాగితం. నీటిని ఆపేది ఆ రెండు ఫిల్ములు ఒకదానికొకటి కరుచుకున్న పట్టీ. దాన్ని కోసేస్తే కాగితం అంచు బయటపడుతుంది, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు నీటిని పీలుస్తుంది. ముందు అడుగున రెండు మిల్లీమీటర్ల బూడిదరంగు గీత కనిపిస్తుంది. అది పైకి పాకుతుంది, కాగితం ఉబ్బుతుంది, ఫిల్ములు విడిపోతాయి. ఇంక్‌జెట్ ప్రింటయితే 8 కాస్తా 3 లాగా కనిపిస్తుంది, ఆ తర్వాత అంతా నీలి మరక. వారం పోతే లోపల పచ్చగా పాచి.

మరి అందరూ ఎందుకు కత్తిరిస్తారు? సున్నా గీత గొట్టం అడుగుకు సరిగ్గా ఆనాలని. ఆ అవసరమే లేకుండా చేసుకోండి. స్కేలును గొట్టానికి అంటించకుండా వెనక పలకకు బిగించండి. గొట్టం కింద 20 మి.మీ. చెక్కముక్క పెట్టండి. అప్పుడు స్కేలు కింది పట్టీ ఆ చెక్కముక్క వెనక్కి దిగిపోతుంది, కోయాల్సిన పనే ఉండదు. పైగా గొట్టం అడుగు చాలాసార్లు గుండ్రంగా ఉంటుంది కాబట్టి సున్నాను అడుగుకు ఆనించినా లెక్క తప్పే వస్తుంది. స్కేలును నీళ్లు పోసి నిలపాలి.

నోటి వ్యాసం 100 మి.మీ. ఉన్న గరాటు, లోపలి వ్యాసం 40 మి.మీ. ఉన్న గొట్టం అనుకుందాం. 100ను 40తో భాగించి వర్గం చేస్తే 6.25. అంటే 1 మి.మీ. వానకు గొట్టంలో నీరు 6.25 మి.మీ. లేస్తుంది, గీతల మధ్య దూరం అంతే ఉండాలి. గొట్టం బయటి కొలత తీసుకుని 42 అనుకుంటే గీతలు 5.67 మి.మీ. దూరంలో పడతాయి, ప్రతి రీడింగూ పదోవంతు దాకా ఎక్కువ చూపిస్తుంది. లోపలి కొలతే తీసుకోండి. ఈ గరాటులో 1 మి.మీ. వానంటే 7.85 మి.లీ. నీళ్లు. మందులషాపులో దొరికే 50 మి.లీ. సిరంజితో నిండుగా మూడుసార్లు, ఆపైన 7 మి.లీ. పోయండి. అది 20 మి.మీ. వాన. నీటి పైతలం మధ్యలో కిందికి వంగి కనిపించే చోటుకు సరిగ్గా మార్కరుతో గుర్తు పెట్టి, స్కేలు మీది 20 గీతను అక్కడికి తెచ్చి బిగించండి.

ప్రింటు విషయం. నల్ల లేజర్ ప్రింటే తీయించండి. దాని నల్లటి పొడి (టోనర్) కాగితం మీద కరిగి అతుక్కుంటుంది, నీటికి కరగదు, ఎండకు వెలవదు. ఎర్ర గీతలు అందంగా ఉంటాయి గానీ మన ఎండకు మొదట పోయేవి అవే. ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అసలు సైజు పోతుంది. పీడీఎఫ్‌ను డాక్యుమెంటుగా పంపండి. ప్రింటు సెట్టింగులో ‘ఫిట్’ తీసేసి ‘యాక్చువల్ సైజ్’ పెట్టించండి. పేజీలో ఒకపక్క 250 మి.మీ. గీత కూడా వేసుకుని, ప్రింటు రాగానే షాపులోనే స్టీలు స్కేలుతో కొలవండి. 242 వస్తే ఆ కాగితం పనికిరాదు. మూడు శాతమేగా అనిపిస్తుంది. 63 మి.మీ. వాన ఆ స్కేలు మీద 65 అవుతుంది. వాతావరణ శాఖ లెక్కలో 64.5 నుంచి భారీ వర్షం.

లామినేషన్ షాపులో నోరు విప్పి చెప్పండి. అక్కడ అలవాటుగా కట్టర్ కింద పెట్టి నాలుగు వైపులా నీటుగా కోసి ఇస్తారు. “అన్నా, కత్తిరించొద్దు, అట్లే ఇచ్చేయ్” అని ముందే అనండి. కాగితాన్ని లామినేషన్‌కు ముందే స్కేలు సైజుకు కోసుకోవాలి. తర్వాత చుట్టూ కనీసం 6 మి.మీ. ఫిల్ము వదిలి కోయాలి. మూలలు గుండ్రంగా కోస్తే లేవవు. కాగితం 80 నుంచి 100 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే అంకె) చాలు. మందపాటి అట్ట పెడితే దాని పక్కన ఫిల్ములు కలవక సన్నటి సందు మిగులుతుంది, నీటికి అదే కాలువ.

మేకు కొట్టినా అదే తప్పు. రంధ్రం చుట్టూ ఉన్నదీ అంచే! ముందు కాగితానికి 12 మి.మీ. రంధ్రం చేసి, లామినేట్ చేయించి, ఆ కిటికీ మధ్యలో ఫిల్ముకు 4 మి.మీ. రంధ్రం పెట్టండి. స్క్రూ అందులోంచి పోవాలి, కాగితానికి తగలకూడదు.

బిగించేముందు పరీక్ష చేయండి. బకెట్ నీళ్లలో నీలి సిరా కలిపి స్కేలును రాత్రంతా ముంచి ఉంచండి. పొద్దున కాగితం అంచున సన్నటి నీలం గీత కనబడిందంటే ఆ స్కేలు పారేయండి. టేపు వేసి కాపాడాలని చూడొద్దు.

ఇక వరసగా.

సెల్లోటేపు వద్దు.

స్పాంజి ఉన్న డబుల్‌సైడ్ టేపు వద్దు, నీరు తాగుతుంది.

పారదర్శక గొట్టం దగ్గర సూపర్‌గ్లూ వాడొద్దు, దాని ఆవిరికి గొట్టం తెల్లగా మసకబారుతుంది.

వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ జిగురును రేకు మీద పూయొద్దు, తుప్పు పడుతుంది. న్యూట్రల్ సిలికాన్ అని అడగండి.

అక్రిలిక్ గొట్టాన్ని నెయిల్‌పాలిష్ రిమూవర్‌తో తుడవొద్దు.

కుంటలో నిలబెట్టే స్కేలుకు కాగితం అసలే వద్దు. ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) మీద రేడియం స్టిక్కర్ షాపులో అంకెలు కటింగ్ చేయించి అంటించండి. స్టిక్కర్ మొత్తం రంగు పదార్థమే కాబట్టి కరిగిపోయే ప్రింటు ఉండదు.

ఆ స్కేలును కుంట ఎండి ఉన్నప్పుడే పాతండి. నీరు చేరాక దిగొద్దు. మొరవ పారుతుంటే ఆ దరిదాపులకు పోవద్దు.

పలక నుంచి ఊడి పైకి జరిగిన స్కేలు ఉన్న నీటికంటే తక్కువ చూపిస్తుంది. జరిగిందో లేదో తెలియడానికి మొరవ గోడ మీద పెయింటుతో ఒక గీత వేసి, స్కేలు మీద దానికెదురు ఏ అంకె ఉందో రాసిపెట్టుకోండి.

గొట్టం నిండితే పొంగే నీరు పడేందుకు బయట 2 లీటర్ల డబ్బా ఉండాలి. 204.5 మి.మీ. దాటితే అతిభారీ కంటే పైమెట్టు, ఈ గరాటుకు 1.6 లీటర్లు. ఆ నీటిని మళ్లీ అదే గొట్టంలో పోసి కొలిచి కలపండి.

ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు రీడింగు కోసం మిద్దె ఎక్కొద్దు. వాన తగ్గాక చూసినా నీరు గొట్టంలోనే ఉంటుంది.

దసరా సెలవుల్లో పని ముగించండి. ఒకేసారి రెండు స్కేళ్లు చేయించి ఒకటి బీరువాలో చీకట్లో ఉంచండి. ఫిల్ము ఏటా ఎండకు పసుపెక్కి అంచు దగ్గరే మొదట విచ్చుకుంటుంది, వచ్చే అక్టోబరుకు మార్చాల్సిందే. మార్చేటప్పుడు కొత్తదాన్ని పాతదాని సైజుకు కోయాలనిపిస్తుంది.

కోయకండి.